మా ఊళ్లో సముద్రానికి పాచి పట్టింది

'ఒరే, మీరు పెట్టిన సముద్రానికి పాచి పట్టిందిరా!'

పొద్దున ఆరున్నరకు అమ్మ ఫోను. ముందురోజు రాత్రి పేజీలు పంపించి ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. నిద్రమత్తులో 'ఏ సముద్రం?' అన్నాను. 'మన వసారాలోది' అంది అమ్మ, ఇంకే సముద్రం ఉంటుందన్నట్టు.

నిజమే. మా వసారాలో ఒక సముద్రం ఉంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. అంచుల దాకా పోస్తే 190 లీటర్లు.

మాది మాచవరం. విజయవాడలో సిటీ బస్సు ఆగే మాచవరం కాదండీ, పల్నాడు మాచవరం. పిడుగురాళ్లలో దిగి మళ్లీ బండెక్కాలి. మిరప, పత్తి, నాపరాయి, ఎండ... మా వైపు దండిగా దొరికేవి ఈ నాలుగే. మండలం అంచున కృష్ణ పారుతుంది గానీ సముద్రం చూడాలంటే బాపట్ల దాటి సూర్యలంక పోవాల్సిందే. మా అమ్మ ఇన్నేళ్ల జీవితంలో సముద్రం చూసింది రెండంటే రెండుసార్లు. అలాంటి ఊళ్లో ఉప్పునీటి అక్వేరియం ఏమిటని మీకు అనిపించొచ్చు. ఊళ్లోవాళ్లకూ అదే అనిపించింది.

దీనంతటికీ కారణం మా మేనల్లుడు.

అక్కను ఊళ్లోనే ఇచ్చాం. వాడొక్కడే కొడుకు. ఇంటర్ అయ్యాక డాక్టరు సీటు కోసం రెండేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చున్నాడు. తెల్లవారుజామున లేస్తే రాత్రి పది దాకా చదువు, వారం వారం పరీక్ష, నెలకొకసారి ఇంటి భోజనం. రెండోసారీ ర్యాంకు రాలేదు. 2023 జూన్‌లో పెట్టె సర్దుకుని వచ్చేశాడు. వచ్చినవాడు మాట్లాడటం మానేశాడు. అడిగితే 'ఊ', లేకపోతే 'ఉహూ'. సొంతింట్లో ఉంటే వచ్చేపోయేవాళ్లంతా 'ఎంతొచ్చింది అబ్బాయ్?' అంటారని అమ్మమ్మ ఇంటికి మకాం మార్చాడు. అమ్మకు ర్యాంకుల సంగతి తెలియదు. 'తిన్నావా?' అని తప్ప ఇంకేమీ అడగదు.

మా బావ మిరప రైతు. ఆయన పురుగుమందు డబ్బాలు ఏళ్ల తరబడి అమ్మ ఇంటి వసారా మూలే ఉండేవి. ఆ జూన్‌లో ఒకరోజు అక్క వచ్చి వాటన్నిటినీ తీయించి, పొలం దగ్గర కొట్టంలో పెట్టించి తాళం వేసింది. తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంది. ఎందుకని బావ అడగలేదు. అమ్మ అడగలేదు. ఫోన్లో చెప్పినప్పుడు నేనూ అడగలేదు.

దసరాకు ఊరెళ్లాను. రాత్రి అన్నాలు తింటుంటే వాడే నోరు విప్పాడు. 'మామయ్యా, మనూళ్లో ఉప్పునీళ్ల తొట్టె పెట్టచ్చంటావా?'

హాస్టల్లో దాచుకున్న ఫోన్లో, దుప్పటి ముసుగేసుకుని, రోజూ పగడాల తొట్టెల వీడియోలు చూసేవాడట. నాలుగు నెలల్లో వాడంతట వాడు అడిగిన మొదటి ప్రశ్న అది. అక్క చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. 'పెట్టలేకపోవటమేంట్రా, పెట్టేద్దాం' అన్నాను.

అన్నంత పనీ చేశాను. అద్దాల తొట్టె నరసరావుపేటలో చేయించాం. పంపులు, లైటు, ఉప్పు హైదరాబాద్ నుంచి మోసుకొచ్చాను. నా నెల జీతంలో సగం పైనే అయింది. మా ఆవిడకు మాత్రం అందులో సగమే చెప్పాను (ఇవాళ ఈ పేజీ చదివితే తెలిసిపోతుంది, ఏం చేస్తాం). తొట్టెకు చోటు వెతికితే వసారాలో ఆ ఖాళీ మూల కనిపించింది. మందు వాసన ఏమాత్రం మిగిలినా నీళ్లలో జీవాలు బతకవని వాడు ఆ మూలను సబ్బుతో మూడుసార్లు కడిగాడు.

ఇంతకీ సముద్రాన్ని తయారుచేయటం ఎలాగో తెలుసా? వంటింటి ఉప్పు పనికిరాదు. కాల్షియం, మెగ్నీషియం, ఇంకా సముద్రంలో ఉండేవన్నీ లెక్కప్రకారం కలిపిన ప్రత్యేకమైన ఉప్పు కావాలి. లీటరుకు సుమారు 35 గ్రాములు. రాళ్లూ ఇసుకా పోను మా తొట్టెలో 170 లీటర్లు పట్టింది, అంటే ఆరు కిలోల ఉప్పు! అమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని చూసింది. 'అంత ఉప్పులో చేపల్ని వేస్తే ఎండుచేపలవుతయ్ గానీ పెరుగుతయ్యా?'

'చేపలు వేయటానికి నెలన్నర ఆగాలి మామయ్యా' అన్నాడు వాడు. ముందు చిటికెడు మేత వేసి కుళ్లనివ్వాలట. కుళ్లితే అమోనియా పుడుతుంది. చేపలకది విషం. దాన్ని తినే బ్యాక్టీరియా రాళ్ల సందుల్లో మెల్లగా పుట్టుకొచ్చి నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే రెండోరకం బ్యాక్టీరియా ఇంకా నింపాదిగా వస్తుంది. ఈ రెండూ కుదురుకోవటానికి నాలుగు నుంచి ఆరు వారాలు. అప్పటిదాకా ఉత్త నీళ్లనే చూస్తూ కూర్చోవాలి.

నాకంత ఓపిక ఎక్కడిది? నీళ్లు పోసిన రెండో వారంలో కార్తీక పౌర్ణమి వచ్చింది. సెలవు పెట్టి ఊరొస్తూ రెండు క్లౌన్ చేపల్ని సంచీలో పట్టుకొచ్చాను. నారింజ రంగు మీద తెల్ల పట్టీలు... 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమాలో చేప ఉంది చూశారూ, అదే. 'ఏం కాదు సార్, వేసేయండి' అన్నాడు కొట్టతను. మావాడు సంచీ చూసి ఒక్క క్షణం ఆగాడు. వద్దనలేదు. ఇంటినిండా చుట్టాలు, అందరూ తొట్టె చుట్టూ మూగారు. వేశాం. మూడోరోజుకు రెండూ తేలాయి.

అప్పటికి నేను హైదరాబాద్‌లో ఉన్నాను. 'వాడేమన్నాడు?' అని అక్కను అడిగాను. 'ఏమీ అనలేదురా. లైటు ఆపేసి పడుకున్నాడు' అంది. ఆ రాత్రి అక్క తన ఇంటికి వెళ్లకుండా అమ్మ దగ్గరే పడుకుందని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

వారం రోజులు వాడు తొట్టె వైపు చూడలేదు. ఇంతలో డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గాలీ వానా. కల్లాల్లో, చేలల్లో ఏముందో చూసుకోవటానికి బావ బురదలో పడి వెళ్లాడు. కరెంటు పోయింది. తొట్టెలో పంపు ఆగింది. నీళ్లు కదలకపోతే గాలి అందదు, గాలి అందకపోతే రాళ్లలో పుడుతున్న బ్యాక్టీరియా చచ్చిపోతుంది. రాత్రి ఎనిమిదింటికి మావాడు లేచి వచ్చి, చెంబుతో నీళ్లు ముంచి జానెడు ఎత్తు నుంచి మళ్లీ తొట్టెలోనే పోయటం మొదలుపెట్టాడట. లాంతరు వెలుగులో అమ్మ చూస్తూ కూర్చుంది. 'చేపలే లేవు గదా నాయనా, ఎవరి కోసం పోస్తన్నావ్?' అంటే 'కంటికి కనపడనివి ఉన్నయ్ అమ్మమ్మా' అన్నాడట. ఒంటిగంటకు వాడి చెయ్యి పట్టేస్తే చెంబు తను తీసుకుంది అమ్మ. ఎవరి కోసమో సరిగ్గా తెలియకుండానే తెల్లారిందాకా పోసింది.

ఇక మొదట్లో చెప్పిన ఫోను వచ్చింది దీని తర్వాత పది రోజులకు.

వారాంతపు సెలవుకు పరుగెత్తాను. చూద్దును కదా, తెల్లటి ఇసుక మీద, రాళ్ల మీద, అద్దం మీద గోధుమరంగు దుమ్ము. టీ పొడి చల్లినట్టుంది. నేను వెంటనే సెల్‌ఫోన్ తీసి పాచి పోవటానికి మందేదైనా దొరుకుతుందా అని వెతకటం మొదలుపెట్టాను. బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

'మందు మాట ఎత్తమాకు బావమరిదీ. 2021లో మిరపకు నల్ల తామరపురుగు వచ్చినప్పుడు రెండు రోజులకొకసారి కొట్టాం. ఎంత కొడితే అంత పెరిగింది. దాన్ని తినే పురుగులు చచ్చినయ్, అది మాత్రం చావలా. చెట్టు పీకేసుకున్నాం.'

వాడు మెల్లగా అందుకున్నాడు. 'ఇది డయాటమ్ అనే పాచి మామయ్యా. ఒంటికి గాజుపెంకు కట్టుకుంటుంది. ఆ పెంకుకు సిలికా కావాలి. అది మన నీళ్లలోంచే వస్తోంది.'

మా బోరునీళ్లలో టీడీఎస్ మీటరు పెడితే వెయ్యి దాటుతుంది. ఆ నీళ్లు వద్దని ఊళ్లో ఆర్వో ప్లాంటు క్యాన్లు తెచ్చి పోశాం. మనం తాగటానికి అవి భేషుగ్గా ఉంటాయి. కానీ మీటరు 70 చూపించింది. ఈ రకం తొట్టెకు కావాల్సింది సున్నా. క్యాన్‌కింత చొప్పున సిలికా మేమే మోసుకొచ్చి పాచిని పెంచామన్నమాట! దానికితోడు వసారాలోకి తొమ్మిదింటి దాకా వచ్చే పొద్దుటి ఎండ. పైగా చుట్టాలకు చూపించటానికి రోజుకు పన్నెండు గంటలు వెలిగించిన లైటు. నేను తెచ్చిన చేపలు చచ్చి వదిలిన అమోనియా సరేసరి. ఇవన్నీ వాడు ఒక రూళ్ల నోటుబుక్కులో రాసుకున్నాడు. కోచింగ్ నోటుబుక్కే. ముందు సగం నిండా భౌతికశాస్త్రం లెక్కలు, వెనక సగంలో తేదీల వారీగా పాచి.

డయాటమ్‌లు మూడు వారాల్లో వాటంతటవే తగ్గాయి. 'చూశావా!' అనుకునే లోపు సంక్రాంతికి రెండో రకం దిగింది. ఈసారి ముదురు ఎరుపు జిగురుపొర. ఇసుక మీద దుప్పటి కప్పినట్టు పాకి, మధ్యాహ్నానికి దాని నిండా గాలి బుడగలు. అమ్మ ముక్కు మూసుకుంది. నాకూ కడుపులో తిప్పింది. మావాడి కళ్లలో మాత్రం ఏదో వెలుగు.

'ఇది మామూలు పాచి కాదు మామయ్యా, సయనో బ్యాక్టీరియా. ఆ బుడగలు ఆక్సిజన్. భూమ్మీద ఆక్సిజన్ మొదట చేసింది వీళ్ల తాతలే' అన్నాడు. తర్వాత కాలితో నేలను తట్టాడు. మా వసారా నేల నాపరాయి. మా వైపు ఏ ఇంటికి వెళ్లినా అదే. 'ఈ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నం. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చేది, సిమెంటు ఫ్యాక్టరీల్లో పొడిచేసేది అంతా అదే. మనం కూర్చున్నది సముద్రంలోనే అమ్మమ్మా.'

అమ్మ కాళ్లు పైకి తీసుకుంది. అందరం నవ్వాం. వాడూ నవ్వాడు.

హైదరాబాద్ వచ్చాక నేనూ కాస్త చదివాను. వాడు చెప్పింది నిజమే. మన పల్నాటి సున్నపురాయి లోతులేని సముద్రంలో ఏర్పడింది, భూమ్మీద పగడాలు పుట్టకముందే. ఇంకా పాతది కడప వైపు వేంపల్లె శిలల్లో ఉంది. అక్కడ రాళ్లమీద పొరలు పొరలుగా, కోసిన క్యాబేజీలా కనిపించే ముద్రలు ఇలాంటి జిగురుపాచి కట్టిన గుట్టలే. వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లని అంచనా. మేం పళ్లుతోమే బ్రష్షుతో గీకి పారేస్తున్నది ఎవరి వంశాన్నో తెలిశాక కొంచెం మర్యాద పెరిగింది. గీకటం మాత్రం మానలేదు.

ఆ నెలాఖరులో ఆఫీసు పని మీద విశాఖ వెళ్లాను. పొద్దున్నే ఆటు సమయంలో బీచ్‌కి పోతే రాళ్లనిండా పచ్చని నాచు. ఏళ్ల తరబడి చూసిన రాళ్లే, ఆ రోజే కనిపించాయి. విశాఖ రాళ్ల మీద ఏ నాచు ఎక్కడ, ఎప్పుడు పెరుగుతుందో 1964లోనే మన ఉమామహేశ్వరరావు, శ్రీరాములు గార్లు అధ్యయనం చేశారు. ఇంగ్లండు నుంచి వచ్చే 'జర్నల్ ఆఫ్ ఎకాలజీ'లో ఆ వ్యాసం అచ్చయింది. అక్కడి నుంచే మావాడికి ఫోను చేశాను. 'ఇక్కడి నాచు కొంచెం సీసాలో తేనా? తొట్టెలో వేస్తే పోషకాలన్నీ అదే లాగేసుకుంటుంది, ఆ దరిద్రపు పాచికి తిండి దొరకదు' అని. నేనూ నాలుగు ముక్కలు చదివానుగా! వాడు మర్యాదగానే చెప్పాడు. 'ఆలోచన మంచిదే మామయ్యా. కానీ అల కొట్టే రాతిమీద పెరిగేది నిలవనీళ్లలో బతకదు. అది కుళ్లితే మళ్లీ మొదటికొస్తాం.' తేలేదు.

అదే తీరంలో ఇంకో సంగతి తట్టింది. ఇంత పొడుగు ఆంధ్ర తీరం ఉంది, మనకు చెప్పుకోదగ్గ పగడాల దిబ్బలు ఎందుకు లేవు? మన్నార్ సింధుశాఖలో ఉన్నాయి, లక్షద్వీప్‌లో, అండమాన్‌లో, గుజరాత్ కచ్ వైపూ ఉన్నాయి. పగడానికి తేటనీరు కావాలి. మన గోదావరి, కృష్ణ మోసుకొచ్చేది ఒండ్రు, మంచినీళ్లు. మాకు అన్నం పెట్టే ఏరే పగడానికి పడదన్నమాట. తేటనీరు ఎందుకంటే పగడం పురుగు ఒంట్లోనే ఒక పాచి కాపురం ఉంటుంది. ఎండలో అది తిండి వండితే పగడం తింటుంది. నీళ్లు మరీ వేడెక్కితే ఆ పాచి బయటికి పోతుంది, పగడం తెల్లబోయి ఆకలితో మాడుతుంది. బయట పాచి పగడాన్ని కప్పేసి చంపుతుంది, లోపల పాచి లేకపోతే పగడం చస్తుంది!

కప్పేయటం అంటే ఎలా ఉంటుందో జమైకా చూసింది. 1983లో కరీబియన్ సముద్రంలో పాచి మేసే నల్ల ముళ్ల జీవులు, సముద్రపు అర్చిన్లు, రోగమొచ్చి గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. పాచి తినే చేపల్ని అంతకుముందే జనం పట్టేసుకున్నారు. మేసేవాళ్లు లేని బీడు ఏమవుతుందో మా ఊళ్లో గొర్రెలకాపరిని అడిగినా చెబుతాడు. 1977లో సగానికి పైగా పగడాలున్న జమైకా దిబ్బల మీద 1990ల మొదట్లో మిగిలింది 3 శాతం. పాచి 4 శాతం నుంచి 92 శాతానికి పోయింది.

అన్నట్టు, మా తొట్టెలో పగడం లేదు. మావాడి మొదటి కల అదే అయినా! 1972 వన్యప్రాణి చట్టంలో 2001లో రాతి పగడాలను మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. ఒక అమ్మకందారు ఫోన్లో 'కాగితాలేం అక్కర్లేదు, బస్సులో పంపిస్తా' అన్నాడు. సరేనందామని నా నాలుక చివరిదాకా వచ్చిందని ఒప్పుకోవాలి. మావాడే 'వద్దు మామయ్యా, అది సముద్రంలో విరగ్గొట్టింది' అని ఫోను పెట్టించాడు. చేపల సంగతి వేరు. క్లౌన్ చేపల్ని హేచరీల్లో పుట్టించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లే అభివృద్ధి చేశారు.

ఫిబ్రవరిలో మూడో రకం వచ్చింది. పచ్చటి జుట్టు పాచి. రాయి మీద బెత్తెడు పొడుగు, పంపు నీళ్లకు ఊగుతూ. నేను చేతులెత్తేశాను. వాడు ఎత్తలేదు. వసారాకు తుంగచాప కట్టాడు. లైటు ఆరు గంటలకు తగ్గించాడు. ఆర్వో నీళ్లను రెజిన్ గొట్టం గుండా పంపి మీటరు సున్నా చూపించాకే పోశాడు. వారానికోసారి ఇరవై లీటర్లు మార్చటం, రాళ్లు ఒక్కొక్కటీ తీసి, తీసేసిన ఉప్పునీళ్లలోనే ముంచి బ్రష్షుతో తోమటం. ఒక్క పూటలో అంతా తోమేయొచ్చు కదా అంటే, వారానికి రెండు రాళ్లే అన్నాడు. అన్నీ ఒకేసారి కెలికితే బ్యాక్టీరియా దెబ్బతింటుందట. అమ్మ పాత టూత్‌బ్రష్షులన్నీ దాచి ఇచ్చేది. పక్కింటివాళ్లవి కూడా తెచ్చింది.

మార్చి చివర్లో వాడు ఒక ఫొటో పంపాడు. రాయి మీద ఆవగింజంత గులాబీ చుక్క. ఎంత పెద్దది చేసి చూసినా నాకేం అర్థం కాలేదు. వాడే ఫోను చేశాడు. తనంతట తను! అది కోరలైన్ అనే పాచి, నీళ్లలోంచి సున్నం తీసుకుని రాయికి గట్టిగా అంటుకుని పెరుగుతుంది, అది వచ్చిందంటే తొట్టె కుదురుకుంటున్నట్టే. 'ఇదీ పాచేనా!' అన్నాను. 'పాచే మామయ్యా. కాకపోతే మన పిడుగురాళ్ల పాచి' అన్నాడు. సున్నం కదా మరి.

తర్వాత ఎండాకాలం. రెంటచింతల మాకెంత దూరం! రాష్ట్రంలో ఎండ లెక్క ఆ ఊరితోనే మొదలవుతుంది. నీళ్లు 27 డిగ్రీల దగ్గర ఉండాలి. చల్లబరిచే యంత్రం కొనే స్తోమత లేదు. రెండు చిన్న ఫ్యాన్లు నీటి మీదికి తిప్పి పెట్టాడు, ఇన్వర్టరు బావ కొన్నాడు. మిరప డబ్బుల్లోంచి, అక్కతో ఒక్క మాటా అనకుండా. ఫ్యాను గాలికి నీళ్లు ఆవిరవుతాయి గానీ ఉప్పు పోదు కదా, అందుకని తగ్గినమేరకు మంచినీళ్లే పోయాలి. పొద్దునా సాయంత్రం అద్దం మీద గీత చూసుకుని చెంబుతో పోసే పని అమ్మది. మే నెలలో నీళ్లు 30 దాటిన రోజులున్నాయి. వాడు నోటుబుక్కులో ఎర్రసిరాతో రాశాడు. గులాబీ చుక్కలు నిలబడ్డాయి.

చేపల్ని జులైలో వేశాడు, రెండే. ఎప్పుడు వేసేదీ నాకు చెప్పలేదు. వేసిన వారానికి చెప్పాడు. అమ్మ రోజూ లేవగానే లెక్కపెడుతుంది, రెండే అయినా.

డాక్టరు సీటు సంగతి ఏం చేస్తాడో నాకు తెలియదు. 'నువ్వు అడగరా, నీకైతే చెబుతాడు' అని అక్క ప్రతి ఫోన్లోనూ అంటుంది. వాడికి ఫోను చేస్తాను. 'పాచి ఎట్టా ఉందిరా?' అంటాను. ఇరవై నిమిషాలు చెబుతాడు. పురుగుమందు డబ్బాలు ఇప్పటికీ పొలం కొట్టంలోనే ఉన్నాయి.

మొన్న మాటల్లో 'పాచి మేసే చేప ఒకటి తీసుకురానా, వచ్చే శనివారం వస్తున్నా' అన్నాను.

'ఇంకో నెల ఆగు మామయ్యా' అన్నాడు.

సరేనన్నాను.